కళ్లు తిరుగుతున్నాయన్న పిల్లను ఇంకొక్క మాట అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

పిల్లల్లో రక్తహీనత గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. పిల్లలు తరచూ కళ్లు తిరుగుతున్నాయంటే ముందుగా రక్త పరీక్ష చేయించాలని అందులో ఇచ్చిన సలహాతో నాకు పేచీ లేదు. కానీ అదే సలహా పాటించి, రక్తం తక్కువగా ఉందని తెలుసుకుని, కారణం దొరికిందన్న ధీమాతో అక్కడే ఆగిపోయి, మా అమ్మాయి విషయంలో మేము ఇంచుమించు ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో 19 ఏళ్లుగా గుమాస్తాను; వైద్యం చదివినవాణ్ణి కాను. అయినా ఆ ఎనిమిది నెలల్లో మాకు తెలిసివచ్చిన సంగతి ఒకటి మిగతా తల్లిదండ్రులకు చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పిల్లలు కళ్లు తిరుగుతున్నాయన్నప్పుడు, అంటే ఏమవుతోందని ఇంకొక్క మాట అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టాలి. మేము ఆ పని అన్నిటికన్నా చివర చేశాం.

మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. ఎంగిలిపూల బతుకమ్మ నాటి సాయంత్రం హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర వాళ్లమ్మతో, మేనత్తతో కలిసి ఆడుతోంది. ఆ రోజు అక్కడ జనం ఎలా ఉంటారో ఈ జిల్లా పాఠకులకు చెప్పనక్కరలేదు. బతుకమ్మ చుట్టూ రెండు మూడు చుట్లు తిరిగిందో లేదో, అమ్మాయి చప్పట్లు ఆపి, వంగి, అరచేయి నేలకు ఆనించి అలాగే కూర్చుండిపోయిందట. పొద్దుటి నుంచీ పూలు పేర్చే హడావిడిలో సరిగా తినలేదు కనుక, పైగా గుండ్రంగా తిరిగింది కనుక, కళ్లు తిరగక ఏం చేస్తాయని ఆడవాళ్లంతా నవ్వారు. రోడ్డు అవతల బండి దగ్గర నిలబడ్డ నేను కూడా విని నవ్వాను. ఇంటికి వచ్చి నాలుగు ముద్దలు తిన్న తర్వాత కూడా అమ్మాయి కళ్లు తెరవలేదు. మంచం పట్టె వదలకుండా పట్టుకుని పడుకుంది. గుండ్రంగా తిరిగినందుకు వచ్చిన తలతిరుగుడు ఆట ఆపిన కాసేపటికే పోవాలి. ఇది గంటన్నర ఉంది. పొద్దస్తమానం బస్తాల లెక్క చూసే నాకు ఆ గంటన్నర లెక్క మాత్రం తట్టలేదు.

ఆ తర్వాత నెలకు రెండు సార్లు వచ్చేది. మా అమ్మ దిష్టి తీసింది, ఐనవోలు మల్లన్నకు మొక్కుకుంది. పైత్యం చేసిందని అల్లం రసం, జీలకర్ర కషాయం నడిచాయి. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర రెండు సార్లు గ్లూకోజ్ ఎక్కించారు. వాటిని నేను తప్పు పట్టను. ఎక్కించినప్పుడల్లా తగ్గింది కూడా. అసలు ఆ జబ్బు తనంతట తానే గంటకో రెండు గంటలకో తగ్గేదని, గ్లూకోజ్ ఎక్కడానికీ అంతే సమయం పట్టేదని మాకు తర్వాత అర్థమైంది.

నవంబరులో పిల్లల డాక్టరు రక్త పరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 9.6 ఉంది. ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 11.5 కన్నా తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కనుక రక్తహీనత ఉన్న మాట నిజం. మన దేశంలో అది అరుదూ కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. బళ్లలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అందుకే. మేము మందు శ్రద్ధగా వాడించాం, అన్నం తిన్న వెంటనే టీ తాగడం మాన్పించాం, నులిపురుగుల మాత్ర వేయించాం, పాలకూర, బెల్లం, గుడ్డు, కాలేయం ఏదీ వదలలేదు. ఫిబ్రవరికి హిమోగ్లోబిన్ 12.1 అయింది. అప్పటికి తలతిరుగుడు వారానికి రెండు సార్లు అయింది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. మా దగ్గర కాంటా మీద మిర్చి బస్తా తూకం తగ్గితే తేమ ఆరిందంటాం. పదింట తొమ్మిది సార్లు అదే నిజం. కానీ బస్తాను తిప్పి అడుగున చిల్లి ఉందేమో చూడని హమాలీని ఎవరూ మెచ్చుకోరు. ప్రతి ఇద్దరు ఆడపిల్లల్లో ఒకరికి ఉండే లోపం మా పిల్లలోనూ దొరికినంత మాత్రాన, ఈ బాధకు కారణం అదేనని ఎలా అనుకున్నామో ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. పైగా రక్తం పెరుగుతున్న కొద్దీ బాధ కూడా పెరుగుతోందని మూడు నెలల చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే చదువురానివాళ్లకైనా తెలిసేది. ఆ చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో ఉండేవి. వాటిని పక్కపక్కన పెట్టినవాళ్లు లేరు.

ఆ నెలల్లో పిల్ల తీరు మారిపోయింది. మెట్లు దిగేటప్పుడు గోడ వైపే నడిచేది. బస్సెక్కాలంటే ముందే ఏడ్చేది. నల్లా దగ్గర బిందె పట్టమంటే వంగడానికి భయపడేది. వచ్చినప్పుడు వాంతి అయ్యేది, గదిలో లైటు వేస్తే కసిరేది, పక్కింటి టీవీ చప్పుడు కూడా భరించలేకపోయేది. బడిలో మాత్రం ఇది పరీక్షల రోజుల్లోనే ఎందుకు వస్తోందని అడిగి, నటిస్తోందేమో గమనించండని మాకు కబురు పంపారు. ఆ బడి పేరు రాయను. పరీక్షల రోజుల్లో ఎక్కువగా వచ్చిన మాట నిజమే. దానికి వాళ్లు చెప్పుకున్న అర్థమే తప్పు. ఒక రాత్రి పిల్ల వాళ్లమ్మను పట్టుకుని, "అమ్మా, నేను నిజంగనే నటిస్తున్ననా?" అని అడిగింది. తన ఒంట్లో జరిగేదాన్ని తానే అనుమానించే దాకా తెచ్చాం.

మార్చిలో, ఒంటిపూట బడులు మొదలైన వారం, ఒక క్లినిక్‌లో తలతిరుగుడుకని మాత్రలు రాశారు. వాటిలో ఉన్నది ప్రోక్లోర్‌పెరజిన్ అన్న మందు. వేసుకున్నప్పుడు తలతిరుగుడు కాస్త తగ్గి పిల్ల నిద్రపోయేది కనుక, మేము రాసినదానికన్నా ఎక్కువ రోజులే వేశాం. అందులో మా తప్పూ ఉంది. నాలుగో రోజు సాయంత్రం పిల్ల మెడ ఒక పక్కకు లాక్కుపోయింది, కనుగుడ్లు పైకి వెళ్లి అక్కడే నిలబడిపోయాయి, నాలుక మొద్దుబారింది. ఫిట్స్ అనుకుని పక్కింటివాళ్లు చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టారు. నా దృష్టి మాత్రం వేరే చోట ఉంది: పిల్ల స్పృహలోనే ఉంది, మేము అనేది వింటోంది, ఆ గుత్తిని గట్టిగా పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంటోంది. ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఉన్న యువ డాక్టరు మొదట అడిగింది ఏమేం మాత్రలు వేస్తున్నారని. అట్ట చూపించాం. ఒక సూది మందు ఇచ్చారు. అరగంటలో మెడ మామూలుగా అయింది. వాంతులకు, తలతిరుగుడుకు వాడే ప్రోక్లోర్‌పెరజిన్, మెటోక్లోప్రమైడ్ వంటి మందులు కొందరు పిల్లల్లో ఇలా కండరాలను మెలిపెడతాయట, అది ఫిట్స్ కాదట. ఈ సంగతి తెలియక ఎన్ని ఇళ్లలో దయ్యం పట్టిందనుకున్నారో. మందుల దుకాణంలో చీటీ లేకుండా ఈ మాత్రలు అడిగే తల్లిదండ్రులు దయచేసి ఇది గుర్తుంచుకోవాలి. తలతిరుగుడును అణచిపెట్టే మాత్రలు రోజుల తరబడి వాడితే, మెదడు తనంతట తాను సర్దుకునే పని కూడా ఆలస్యమవుతుందని ఆ తర్వాత తెలిసింది.

మే నెలలో ఒక నాడీ వైద్యురాలి (న్యూరాలజిస్టు) దగ్గరికి వెళ్లాం. నేను సంచిలోంచి చీటీలు తీయబోతుంటే ఆమె వద్దని చేయి చూపి, పిల్లను దగ్గరగా కుర్చీలో కూర్చోబెట్టుకుని అడిగారు. "బిడ్డా, లేచి నిలబడ్డప్పుడు కండ్లకు చీకట్లొస్తయా? పడవల ఉన్నట్టు ఊగుతదా? లేకుంటే గది గిర్రున తిరుగుతదా?"

పిల్ల కాసేపు ఆలోచించింది. "చీకట్లు రావు మేడమ్. గది తిరుగుతది. కిటికీ కుడిదిక్కు పోతది, మళ్ల వెనుకకొస్తది, మళ్ల పోతది. కండ్లు మూసుకున్నా మంచం తిరుగుతది." అంటూ బల్ల మీదున్న పెన్ను మూతను చూపుడువేలితో కుడికి నెట్టి, గబుక్కున వెనక్కి తెచ్చి, మళ్లీ నెమ్మదిగా కుడికి నెట్టి చూపించింది. ఆ మూతను అలా నాలుగు సార్లు నెట్టింది. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. ఎనిమిది నెలలుగా నా ఇంట్లో జరుగుతున్నది నాకు మొదటిసారి కనబడింది.

తెలుగులో మనకు దీనికి మాటలు తక్కువేమీ కాదు: కళ్లు తిరగడం, తల తిరగడం, మైకం, పైత్యం, చక్కరు రావడం, సోలిపోవడం. కానీ వాడేటప్పుడు అన్నిటినీ కలిపేస్తాం. ఎండలో నిలబడి సొమ్మసిల్లినా కళ్లు తిరిగాయంటాం, ఆకలితో నీరసించినా అదే మాట, గది గిర్రున తిరిగినా అదే మాట. వైద్యులకు ఈ మూడూ మూడు వేరు దారులు. లేచినప్పుడు కళ్లకు చీకట్లు కమ్మితే రక్తపోటు, రక్తహీనత, నీళ్లు తాగకపోవడం, ఒక్కోసారి గుండె లయ చూస్తారు. గది తిరిగితే లోపలి చెవిని, మెదడును చూస్తారు. మేము ఐదుగురు వైద్యులకు ఒకే మాట చెప్పాం, వాళ్లు ఆ మాటకు తగిన దారిలో వెళ్లారు. అడగని తప్పు వాళ్లదైతే, పిల్లను మాట్లాడనివ్వకుండా అన్నీ నేనే చెప్పిన తప్పు నాది.

ఆమె పిల్లను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ రక్తపోటు చూశారు. మడమకు వేళ్లు ఆనించి ఒకే గీత మీద నడవమన్నారు. కళ్లు మూసుకుని ఉన్నచోటే అడుగులు వేయమన్నారు. వేలితో ముక్కును, ఆ తర్వాత తన వేలిని ముట్టుకోమన్నారు. ఇవన్నీ పావుగంటలో, పైసా ఖర్చు లేకుండా అయిపోయాయి. మన ఒంటి తూకం మూడు చోట్ల నుంచి వచ్చే కబుర్లతో నిలబడుతుందని, కళ్లు, పాదాలు-కీళ్లు, లోపలి చెవి ఈ మూడూ చెప్పేది పొసగకపోతే తల తిరుగుతుందని పిల్లకు అర్థమయ్యేలా చెప్పారు. చెవి లోపల అర్ధవర్తుల కుల్యలు మూడు ఉంటాయని, వాటిలోని ద్రవం కదలికను బట్టి తల ఎటు తిరిగిందో మెదడుకు తెలుస్తుందని మనమంతా బళ్లో చదువుకుని మరచిపోయినదే. చెవిలో పోసే నీళ్లు చల్లగానో వేడిగానో ఉంటే రోగులకు తల తిరగడం గమనించి ఆ కుల్యల పనిని బయటపెట్టిన రాబర్ట్ బరానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ఇచ్చారని, ఆ కబురు వెళ్లే నాటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నారని నేను తర్వాత చదివాను. జబ్బుతో దీనికి సంబంధం లేకపోయినా మా అమ్మాయికి ఆ కథ బాగా నచ్చింది.

వినికిడి పరీక్ష చేయించాం. రెండు చెవులూ బాగున్నాయి. ఎంఆర్‌ఐ కూడా రాశారు. ఆ మాట వినగానే మా ఆవిడ చేతులు చల్లబడ్డాయి. మెదడులో గడ్డ అన్న ఊహ ఎనిమిది నెలలుగా మా ఇద్దరి మనసుల్లోనూ ఉంది, పైకి అనలేదంతే. డాక్టరమ్మ ఆ భయాన్ని కొట్టిపారేయలేదు, పెంచనూ లేదు. ఏ లక్షణాలుంటే ఆ రోజే పరుగెత్తి రావాలో చెప్పారు. నిద్ర లేవగానే తలనొప్పితో వాంతులు అవుతున్నా, తలనొప్పికి నిద్ర మధ్యలో మెలకువ వస్తున్నా, తలతిరుగుడు లేని రోజుల్లో కూడా నడక తూలుతున్నా, ఒకటి రెండుగా కనబడుతున్నా, మూతి ఒక పక్కకు పోయినా, ఒక చెవి వినికిడి తగ్గినా, చెవిలోంచి చీము కారుతున్నా, తలకు దెబ్బ తగిలిన తర్వాత మొదలైనా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, పరుగెత్తుతూ స్పృహ తప్పి పడిపోయినా ఆలస్యం చేయవద్దని అన్నారు. ఇవి ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యాలు కనుక, మీరు స్థలం లేక కత్తిరించవలసి వస్తే వీటిని వదిలేయవద్దని మనవి. తల వెనక అడుగున ఉండే చిన్న మెదడు సీటీ స్కాన్‌లో కన్నా ఎంఆర్‌ఐలో స్పష్టంగా కనబడుతుందని, సీటీలో పిల్లల ఒంటికి ఎక్స్‌రే కిరణాల తాకిడి కూడా ఉంటుందని, అందుకే ఇది రాస్తున్నానని కూడా వివరించారు.

ఏడు వేల రూపాయల ఆ ఎంఆర్‌ఐలో ఏమీ కనబడలేదు. చుట్టాలంతా "ఏమీ లేదన్నరు కద" అని ఊపిరి పీల్చుకున్నారు. మేమూ పీల్చుకున్నాం. కానీ ఆ మర్నాడే పిల్లకు మళ్లీ వచ్చింది. ఏమీ లేకపోవడం వేరు, ఫొటోలో పడకపోవడం వేరు. రిపోర్టు పట్టుకుని ఇక వెళ్లనక్కరలేదని అనుకోబోయిన మమ్మల్ని ఆ రోజు పడిన బాధే మళ్లీ ఆసుపత్రికి నడిపించింది.

ఈసారి ఆమె నాకు పని అప్పగించారు. ఆరు వారాలు నోట్‌బుక్ రాయమన్నారు. నా బతుకంతా రాతపనే కనుక అది నాకు నచ్చింది. దుకాణంలో రాసే తక్‌పట్టీలాగే గీతలు కొట్టుకున్నాను. తేదీ, మొదలైన వేళ, తగ్గిన వేళ, అప్పుడు ఏం చేస్తోంది, గది తిరిగిందా ఊగిందా చీకట్లొచ్చాయా, తల నొప్పి పుట్టిందా, ఏ పక్క, లైటు, చప్పుడు బాధించాయా, చెవిలో హోరు ఉందా, వాంతి అయిందా, ముందు రాత్రి ఎన్నింటికి పడుకుంది, పొద్దున ఏం తింది. వచ్చినప్పుడు కళ్లు తెరిచి చూడమని, ఫోనుతో కళ్లను దగ్గరగా అర నిమిషం వీడియో తీయమని కూడా చెప్పారు. కనుగుడ్లు కొట్టుకునే తీరును బట్టి చెవి సంగతో మెదడు సంగతో వైద్యులకు ఆనవాలు దొరుకుతుందట. ఈ బాధ వైద్యుడి ముందు ఎప్పుడూ రాదు. క్యూలో కూర్చున్నంతసేపూ పిల్ల చక్కగా ఉంటుంది. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో తెల్లవారి బస్సు పట్టుకుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చే తల్లికి ఆ నోట్‌బుక్, ఆ వీడియో తప్ప వేరే సాక్ష్యం ఉండదు.

ఆరు వారాల్లో 14 వరుసలు నిండాయి. తక్కువలో తక్కువ 20 నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ మూడు గంటలు. పదకొండు సార్లు వెలుతురు, చప్పుడు భరించలేకపోయింది. ఎనిమిది సార్లు కుడి కణత దగ్గర నొప్పి ఉంది. ఆ నొప్పి సంగతి మాకు అంతకుముందు తెలియనే తెలియదు, తలతిరుగుడు ముందు అది చిన్నదిగా తోచి పిల్ల చెప్పలేదు. తొమ్మిది సార్లు ముందు రాత్రి పెళ్లిలోనో మరెక్కడో ఆలస్యంగా పడుకుని ఉంది, లేదా పొద్దున ఏమీ తినలేదు. పరీక్షల రోజుల గుట్టు అక్కడ విప్పుకుంది: తెల్లవారుజామున లేచి చదవడం, గాబరాలో తినకుండా వెళ్లడం.

డాక్టరమ్మ ఆ పేజీలు తిప్పి చూసి, మా ఆవిడ వైపు తిరిగి, "మీకు తలనొప్పి ఉంటదా అమ్మా?" అని అడిగారు. ఉంది. ఎండకు తిరిగినా, పూట తప్పినా సగం తలకాయ నొప్పితో చీకటి గదిలో పడుకోవడం ఆమెకు పెళ్లికాక ముందు నుంచీ ఉంది. చిన్నప్పుడు నర్సంపేట బస్సెక్కితే దిగేదాకా వాంతులేనట. అది ఆడవాళ్లకు ఉండేదేనని ఇన్నేళ్లు మా ఇంట్లో ఎవరూ జబ్బుల లెక్కలో వేయలేదు. పాప నాలుగేళ్లప్పుడు ఎప్పుడైనా ఇలా అయిందా అని కూడా అడిగారు. అప్పుడు మా అమ్మ అందుకుంది. ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి కెవ్వుమని వచ్చి తన కాళ్లను చుట్టేసుకునేదని, ముఖం పాలిపోయేదని, ఉప్పు, మిరపకాయలు దిగదుడిచేలోపే తగ్గి మళ్లీ ఆటకు పరుగెత్తేదని చెప్పింది. చిన్నపిల్లల్లో ఇలా నిమిషాల్లో వచ్చిపోయే తలతిరుగుడును 1964లోనే బాసర్ అనే వైద్యుడు వర్ణించారట, అలాంటి పిల్లల్లో కొందరికి పెద్దయ్యాక పార్శ్వపు తలనొప్పి (మైగ్రేన్) వస్తుందట. పేరు వినగానే మా అమ్మ, అక్షరాభ్యాసం చేయించిన చోటే దొరికింది చూడు అని చేతులు జోడించింది. ఆమెకు అది మన బాసర కాదని ఇప్పటికీ చెప్పలేదు.

జబ్బు పేరు వెస్టిబ్యులర్ మైగ్రేన్. పార్శ్వపు తలనొప్పి తలలో నొప్పిగా కాకుండా ఒంటి తూకం తప్పడంగా బయటపడటం. పిల్లల్లో తలతిరుగుడు పదేపదే రావడానికి ఇది తరచుగా కనబడే కారణాల్లో ఒకటి. దీన్ని చూపించే రక్త పరీక్ష గానీ, ఫొటో గానీ లేదు. పిల్లల విషయంలో దీన్ని ఎలా గుర్తించాలో 2021లో అంతర్జాతీయంగా వైద్యులు కొలతలు రాసుకున్నారు. కనీసం ఐదు సార్లు రావాలి, ప్రతిసారీ ఐదు నిమిషాల నుంచి 72 గంటల లోపు ఉండాలి, వాటిలో సగం సార్లయినా ఒక పక్క తలనొప్పో వెలుతురు-చప్పుడు బాధో తోడు ఉండాలి, పార్శ్వపు తలనొప్పి ఇప్పుడో ఇదివరకో ఉండాలి, వేరే కారణమేదీ దీనికన్నా బాగా పొసగకూడదు. ఈ కొలతలన్నీ చూడండి: ఎన్ని సార్లు, ఎంతసేపు, దేనితో పాటు. ఏ యంత్రమూ వీటిని చెప్పలేదు. మా ఇంట్లో రూపాయల్లో అన్నిటికన్నా చౌకైనది ఆ 30 రూపాయల నోట్‌బుక్కే. ఎంఆర్‌ఐ వృథా అనడం లేదు. అది లేకుండా మేము నిద్రపోయేవాళ్లం కాము.

మందు మొదలుపెట్టారు. దాని పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే పత్రిక ముక్క చించుకుని మందుల దుకాణానికి వెళ్లే అలవాటు మనలో ఉంది, నాకూ ఉండేది. మందుతో పాటు చెప్పినవి మాత్రం అందరూ చేయదగినవే. రోజూ ఒకే వేళకు పడుకోవడం, లేవడం; పూట తప్పకుండా తినడం; బడికి సీసా నిండా నీళ్లు; పడుకునే ముందు ఫోను లేకపోవడం; తల పట్టే సూచన తెలియగానే చీకటి గదిలో పడుకోవడం; నొప్పి మాత్ర మొదట్లోనే వేయడం, కానీ వారంలో రెండు రోజులకు మించకపోవడం. నేను మార్కెట్ నుంచి రాగానే మిర్చి ఘాటు అంటిన చొక్కా వాకిట్లోనే విప్పుతున్నాను; అది వైద్యం అవునో కాదో గానీ, పిల్ల అడిగింది. జులైలో మొదలుపెట్టాం. తొలి నెలలో ఐదు వరుసలు, మలి నెలలో మూడు, గడిచిన ఆరు వారాల్లో ఒకటి.

సంపాదకులు గారూ, ఈ ఉత్తరంలో నా విన్నపం పెద్దదేమీ కాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికొకసారి సర్కారు బళ్లకు, రెండు సార్లు అంగన్‌వాడీలకు వెళ్తున్నాయి. కంటి చూపు, వినికిడి, రక్తహీనత అన్నీ చూస్తారు. కళ్లు తిరుగుతున్నాయని చెప్పే పిల్లను కనురెప్పల లోపల పాలిపోయిందని చూసి పంపేయకుండా, గది తిరుగుతోందా, చీకట్లు కమ్ముతున్నాయా అని అడగడానికి వాళ్లకు ఒక నిమిషం కూడా పట్టదు. బడిలో పంతుళ్లు నటన అన్న మాట వాడే ముందు ఆ పిల్ల పొద్దున తిని వచ్చిందో లేదో అడిగితే చాలు. ఆర్‌ఎంపీలు గ్లూకోజ్ సీసా తగిలించే ముందు పైన రాసిన ప్రమాద సూచనలు చూసి పెద్దాసుపత్రికి పంపితే, ఊళ్లో వాళ్ల మాటకున్న విలువకు అది తగిన పని అవుతుంది.

ఈ ఏడు ఎంగిలిపూల బతుకమ్మకు మధ్యాహ్నం అన్నం తినిపించి, కాసేపు పడుకోబెట్టి, నీళ్ల సీసా చేతికిచ్చి పంపాం. ఐదు చుట్లు ఆడి తనే పక్కకు వచ్చి కూర్చుందట, మళ్లీ లేచి వెళ్లిందట. ఆ రోజు నోట్‌బుక్‌లో వరుస లేదు.

నేను గీసుకున్న పట్టిక నమూనా ఒక పేజీ ఈ ఉత్తరానికి జత చేస్తున్నాను. రెండిటికీ చోటు లేకపోతే ఉత్తరం ఆపి పట్టికను, ప్రమాద సూచనల వాక్యాలను వేయగలరు. అమ్మాయి బడికి వెళ్లాల్సిన పిల్ల కనుక పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక అడ్తి గుమాస్తా,
ఎనుమాముల, వరంగల్